ముప్పై ఏళ్ళ సెయింట్ జూలియన్ సీసా: పాడైందా, ఎలా తెరవాలి, ఆ వైన్ అన్నాళ్ళు ఎందుకు నిలుస్తుంది?

అడిగినది క్లుప్తంగా ఇది. తూలూజ్‌లో ఉద్యోగం చేస్తున్న అల్లుడుగారు, అమ్మాయి పుట్టిన సంవత్సరం అని 1996 నాటి సెయింట్ జూలియన్ (ఫ్రాన్స్‌లో బోర్డో నగరం దగ్గరి ఒక ఊరు) రెడ్ వైన్ సీసా తెచ్చారు. హైదరాబాద్ ఇంట్లో నాలుగు నెలలుగా షోకేసులో నిలబెట్టి ఉంది. లైటుకు ఎదురుగా పట్టి చూస్తే అడుగున నల్లటి మడ్డి కనిపిస్తోంది. పాడైపోయిందా? వైన్ ఎంత పాతదైతే అంత మంచిదంటారు కదా, ఇంకో పదేళ్ళు దాచవచ్చా? తెరిస్తే బిర్యానీతో తాగవచ్చా?

ముందు సూటిగా జవాబులు చెప్తాను. మడ్డి ఉన్నంత మాత్రాన పాడైనట్టు కాదు, ఆ ఊరున్న మెడాక్ ప్రాంతపు వైన్‌లో, ఆ వయసుకి మడ్డి బొత్తిగా లేకపోతేనే అనుమానించాలి. ఇంకో పదేళ్ళు దాచొద్దు, వచ్చే ఎండాకాలం లోపే తెరవండి. బిర్యానీతో వద్దు. షోకేసులోంచి మాత్రం ఈ రోజే తీసేయండి. దాని లైట్ల వేడీ వెలుతురూ రెండూ వైన్‌కి పడవు.

ఇక కారణాలు. ఈ వైన్‌ని ఇలా చూసుకోవాలని ఎందుకంటున్నానో తెలియాలంటే అది పుట్టిన నేల గురించి కొంచెం తెలియాలి.

ఫ్రాన్స్ నైరుతి మూలలో గారోన్, డోర్డోన్ అనే రెండు నదులు కలిసి జిరోండ్ అనే వెడల్పాటి నదీముఖంగా మారి అట్లాంటిక్ సముద్రంలో పడతాయి. ఆ నదీముఖానికి ఎడమ ఒడ్డున, బోర్డో నగరానికి ఉత్తరంగా సన్నగా సాగిన ప్రాంతం మెడాక్. పడమటి వైపు పైన్ అడవులు సముద్రపు గాలి ఉధృతిని ఆపుతాయి, తూర్పున వెడల్పాటి నీళ్ళు చలినీ వేడినీ మరీ హద్దు దాటనివ్వవు. ఒకప్పుడు ఇక్కడ చాలా భాగం బురద నేల. 17వ శతాబ్దంలో డచ్ ఇంజినీర్లు కాలవలు తవ్వి నీళ్ళు బయటకు తీశాక లోపలున్న గులకరాళ్ళ దిబ్బలు సాగులోకి వచ్చాయి. పిరనీస్ కొండల నుంచీ మధ్య ఫ్రాన్స్ పీఠభూమి నుంచీ ప్రాచీన నదులు మోసుకొచ్చి పోసిన రాళ్ళవి.

మెడాక్‌లో ఊరి పేరుతోనే చలామణి అయ్యే వైన్లు ఆరు: సెయింట్ ఎస్తెఫ్, పోయాక్, సెయింట్ జూలియన్, లిస్త్రాక్, మూలీ, మార్గో. వీటిలో పేరున్న నాలుగింటిలోనూ చిన్నది సెయింట్ జూలియన్. మొత్తం తోటలు కలిపితే సుమారు 900 హెక్టార్లు. ఉత్తరాన ఒక చిన్న వాగు దాటితే పోయాక్ మొదలవుతుంది. ఆ వాగుకి ఇటు లెయోవిల్ లాస్ కాజ్ తోట, అటు లాతూర్ తోట. తోట నుంచి నది కనిపిస్తే మంచి నేల అని అక్కడి పాత మాట. నదికి దగ్గరగా గులకరాళ్ళ పొర లోతుగా ఉంటుంది కాబట్టి ఆ మాటలో నిజం ఉంది.

గులకరాళ్ళతో ఏం లాభం? ఒకటి, వాననీళ్ళు నిలవవు. సముద్రం పక్క ప్రాంతం కాబట్టి కోతల ముందు వానలు మామూలే. రేగడి లాంటి నేలైతే కాయ నీళ్ళు తాగి ఉబ్బి రుచి పలచబడుతుంది. రెండు, పగలు కాగిన రాయి రాత్రి ఆ వెచ్చదనం వదులుతుంది. 45 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, ఆలస్యంగా పండే కేబర్నే సావిన్యాన్ లాంటి రకానికి ఆ కాస్త వెచ్చదనమే పండటానికీ పండకపోవటానికీ మధ్య తేడా. అందుకే తీగల్ని మోకాలి ఎత్తులోనే ఉంచి, రెండు కొమ్మలు మాత్రం అటూ ఇటూ ఇనుప తీగకి కడతారు. వరసకీ వరసకీ మీటరు, మొక్కకీ మొక్కకీ మీటరు, హెక్టారుకి దాదాపు 10,000 మొక్కలు. హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్ళ మీద పాకించిన అనాబ్-ఎ-షాహీ తోటల్ని చూసినవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది. అక్కడ లక్ష్యం దిగుబడి కాదు. హెక్టారుకి 40 హెక్టోలీటర్లు (అంటే 4,000 లీటర్లు) తీశారనుకుంటే ఒక మొక్క వాటా 400 మిల్లీలీటర్లు. అంటే ఒక్క సీసా నిండటానికి దాదాపు రెండు మొక్కల ఏడాది పంట కావాలి.

మన రైతులకి ఈ ఊరితో తెలియకుండానే ఒక బంధం ఉంది, అది చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. 1870ల చివర అమెరికా నుంచి బూజు తెగులు ఫ్రాన్స్ ద్రాక్షకి పాకింది. 1882లో బోర్డో విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞుడు మిలార్దే సెయింట్ జూలియన్‌లో తిరుగుతూ, దారి పక్క వరసలు మాత్రమే పచ్చగా ఉండటం గమనించాడు. దారిన పోయేవాళ్ళు కాయలు కోసుకోకుండా మైలుతుత్తం, సున్నం కలిపి ఆ వరసల మీద చల్లేవారు. ఆ నీలి పూత చూసి విషమనుకుని ఎవరూ ముట్టరని వాళ్ళ ఉపాయం. తెగులు కూడా ముట్టలేదు. రసాయనశాస్త్రజ్ఞుడు గయోన్‌తో కలిసి ప్రయోగాలు చేసి 1885లో ఆ మందుని లోకానికి చెప్పాడు. నిమ్మ, కొబ్బరి, తమలపాకు తోటల్లో ఈనాటికీ కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్ళు కలిపి కొట్టే ఒక శాతం బోర్డో మిశ్రమం అదే.

ఇప్పుడు వైన్ సంగతి. సెయింట్ జూలియన్‌లో సాధారణంగా 60 నుంచి 70 శాతం కేబర్నే సావిన్యాన్, మిగతాది ఎక్కువగా మెర్లో, కొద్దిగా కేబర్నే ఫ్రాంక్, పెటీ వెర్దో. కేబర్నే సావిన్యాన్ కాయ చిన్నది, తోలు మందం, గింజ పెద్దది. రసంతో పోలిస్తే తోలూ గింజా ఎక్కువ కాబట్టి వగరు ఎక్కువ. ఆ వగరుకి కారణమైన పదార్థాలే టానిన్లు. కాయల్ని తోలుతో సహా మూడు వారాల దాకా నాననిచ్చి, పులియబెట్టి, తర్వాత 225 లీటర్ల ఓక్ పీపాల్లో ఏడాదిన్నర అటూ ఇటుగా ఉంచుతారు. మూడు నెలలకోసారి పైతేట తీసి వేరే పీపాలోకి మారుస్తారు. చివర్లో పీపాకి ఐదారు కోడిగుడ్ల తెల్లసొన గిలక్కొట్టి వేస్తే, గరుకైన టానిన్లు దానికి పట్టుకుని అడుగుకి దిగిపోతాయి. మీ సీసా 1996 కోతదే అయినా సీసాలోకి వచ్చింది 1998లో.

అప్పుడే తాగితే నోరు పిడచకట్టేది. సీసాలో ఇరవై ముప్పై ఏళ్ళలో జరిగేది ఏమిటంటే, టానిన్లూ రంగు పదార్థాలూ ఒకదానితో ఒకటి ముడిపడి పెద్దవై, కరిగి ఉండలేక కిందికి దిగుతాయి. మీరు చూసిన నల్లటి మడ్డి అదే. అది దిగిన మేరకు పైనున్న వైన్‌లో వగరు తగ్గుతుంది, రంగు ముదురు ఊదా నుంచి ఇటుక ఎరుపుకి మారుతుంది. కాయ వాసనలు వెనక్కి తగ్గి వేరే వాసనలు పైకి వస్తాయి: దేవదారు చెక్క, పెన్సిల్ చెక్కినప్పటి పొట్టు, తోలు, తడిసిన ఆకుల కింది మట్టి, ఎండు పళ్ళు. ముఖ్యంగా పొగాకు. గుంటూరు, ప్రకాశం వైపు బారన్ తలుపు తీసినప్పుడు వచ్చే తియ్యటి పొగాకు వాసన తెలిసినవాళ్ళు గ్లాసులో దాన్ని వెంటనే గుర్తుపడతారు.

"పాతదైతే మంచిది" అనే మాట ఇక్కడే తప్పుదారి పట్టిస్తుంది. టానిన్, పులుపు, కాయ గాఢత మూడూ మొదట్లోనే దండిగా ఉన్న వైన్‌కే వయసు మేలు చేస్తుంది. బోర్డో అని మాత్రమే రాసి ఉన్న మామూలు ఎరుపు వైన్ రెండు నుంచి ఐదేళ్ళలో తాగేయాల్సినది. దాన్ని ఇరవై ఏళ్ళు దాస్తే మిగిలేది పుల్లటి గోధుమరంగు నీళ్ళు. లేబుల్ మీద క్రూ బూర్జువా (వర్గీకృత వైన్ల తర్వాతి శ్రేణి) అని ఉన్న మంచి మెడాక్‌కి ఐదు నుంచి పన్నెండేళ్ళు. సెయింట్ జూలియన్ వర్గీకృత షాటోలకి (షాటో అంటే సొంత తోటతో వైన్ చేసే ఎస్టేటు), సంవత్సరం బాగుంటే, పది నుంచి ముప్పై ఏళ్ళు. కొన్ని ఇంకా ఎక్కువ నిలుస్తాయి కానీ నిలవటం వేరు, మెరుగవటం వేరు.

వర్గీకృత అంటే, 1855లో పారిస్ ప్రదర్శన కోసం మూడో నెపోలియన్ ప్రభుత్వం అడిగితే, బోర్డో వాణిజ్య మండలి కోరిక మీద దళారులు అప్పటి ధరల్ని బట్టి రాసిన జాబితా. ఐదు తరగతులు. మొదటి తరగతిలో నాలుగే ఉండేవి: లాఫీట్, లాతూర్, మార్గో, ఓ బ్రియోన్. 1973లో మూతోన్ చేరింది. సెయింట్ జూలియన్‌కి మొదటి తరగతి ఒక్కటీ లేదు. అయినా 11 షాటోలు జాబితాలో ఉన్నాయి. రెండో తరగతిలో మూడు లెయోవిల్‌లు, గ్రువో లారోజ్, ద్యుక్రు బోకాయూ. మూడో తరగతిలో లాగ్రాంజ్, లాంగోవా బార్తోన్. నాలుగులో బేషెవెల్, బ్రనేర్ ద్యుక్రు, తాల్బో, సెయింట్ పియెర్. మీ లేబుల్ మీద ఈ పదకొండింటిలో ఒక పేరు ఉండి, అది ఆ షాటో ప్రధాన వైన్ అయితే ముప్పై ఏళ్ళ వయసు గురించి భయపడక్కర్లేదు. ఒక జాగ్రత్త: సార్జె ద గ్రువో లారోజ్, కొనెతాబ్ల్ ద తాల్బో, అమిరాల్ ద బేషెవెల్ లాంటివి అదే తోటల రెండో వైన్లు, పిన్న తీగల పంటతోనూ మిగులు పీపాలతోనూ చేసేవి. పేరు కలిసినా అవి పది పదిహేనేళ్ళకే తయారవుతాయి. మీది అలాంటిదైతే ఆశ కొంచెం తగ్గించుకోండి, ఆలస్యం మాత్రం ఇంకా తగ్గించండి.

సంవత్సరం విషయంలో మీ అల్లుడుగారు అదృష్టవంతులు. 1996లో ఆగస్టు చల్లగా తడిగా గడిచినా సెప్టెంబరు పొడిగా, రాత్రుళ్ళు చల్లగా సాగింది. ముందు కోసిన మెర్లోకి అంత కలిసిరాలేదు కానీ, ఆలస్యంగా కోసిన కేబర్నే సావిన్యాన్ పులుపు పోకుండా బాగా పండింది. అందుకే ఆ ఏడు మెడాక్ ఉత్తర భాగం గెలిచింది, నది కుడి ఒడ్డు వెనకబడింది. అమ్మాయి 1997లో పుట్టి ఉంటే ఈ సలహా వేరేగా ఉండేది. ఆ ఏటి వైన్లు పలచన, చాలావరకు వాటి కాలం ఎప్పుడో అయిపోయింది.

సీసా ఆరోగ్యం తెరవకుండానే కొంత చెప్పవచ్చు. కదపకుండా, నిలబెట్టే ఉంచి చూడండి. బోర్డో సీసాకి నిటారు పక్కలు, ఎత్తైన భుజాలు ఉంటాయి. వైన్ మట్టం మెడ అడుగున గానీ, భుజం పై అంచున గానీ ఉంటే ముప్పై ఏళ్ళకి అది చక్కని లెక్క. భుజం మధ్యకి వస్తే అనుమానం, గాలి ఎక్కువ లోపలికి వెళ్ళింది. భుజం దిగువకి పోతే ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. తర్వాత పై తొడుగు చూడండి. వేలితో తిప్పితే తిరిగితే మంచిదే. జిగటగా అతుక్కుని, అంచున ఎండిన ఎర్రటి మరక ఉంటే ఎప్పుడో వేడికి వైన్ ఉబ్బి బిరడా పక్కనుంచి కారింది. బిరడా అంచు కన్నా పైకి పొడుచుకొచ్చినా అదే అర్థం. పాత సీసాల్లో కాస్త కారిన గుర్తు ఉన్నా వైన్ బాగుండే సందర్భాలున్నాయి, కాబట్టి ఈ గుర్తులు చూసి తెరవకుండా పారబోయకండి.

దాచటం గురించి. ఈ వైన్‌కి తగినది 12 నుంచి 14 డిగ్రీలు, 60 నుంచి 70 శాతం తేమ, చీకటి, కదలిక లేకపోవటం. పడుకోబెట్టి ఉంచాలి, బిరడా తడిగా ఉండటానికి. మన ఇళ్ళల్లో ఏప్రిల్, మే నెలల్లో గది 35 డిగ్రీలు దాటుతుంది. వేడి పదేసి డిగ్రీలు పెరిగే కొద్దీ లోపలి రసాయన చర్యల వేగం సుమారుగా రెట్టింపవుతుంది. ఆ చర్యలు కూడా మంచి దారిలో నడవవు, ఉడికిన జామ్ రుచి వస్తుంది. ఏసీ పగలు ఆపి రాత్రి వేయటం ఇంకా చేటు: వైన్ వ్యాకోచించి సంకోచించినప్పుడల్లా బిరడా గాలి పీల్చుకుంటుంది. వైన్ క్యాబినెట్ లేకపోతే తెరిచే రోజు దాకా మామూలు ఫ్రిజ్‌లో, వెనక వైపు కింది అరలో పెట్టండి. రెండు మూడు నెలలకి ఏమీ కాదు. ఏళ్ళ తరబడి అయితే ఫ్రిజ్ పొడిగాలికి బిరడా ఎండిపోతుంది.

తెరిచే పద్ధతిలోనే చాలామంది పొరపడేది. రెండు రోజుల ముందు సీసాని ఫ్రిజ్‌లో నిటారుగా నిలబెట్టండి. పడుకోబెట్టినప్పుడు పక్కకి పేరుకున్న సన్నటి మడ్డి అడుగుకి దిగటానికి కనీసం ఒక రోజు, మంచిదైతే రెండు రోజులు కావాలి. ఆ రెండు రోజులూ దాన్ని జరపకండి. తాగే ముందు గంట, గంటంబావు బయట పెడితే, 28 డిగ్రీల గదిలో 5 నుంచి 15, 16 డిగ్రీలకి వస్తుంది. గ్లాసులోకి వచ్చేసరికి 17. రెడ్ వైన్ గది వేడిలో తాగాలన్న సలహా చలిదేశపు రాతి గోడల ఇళ్ళ కోసం పుట్టింది. మన గది వేడిలో ఆల్కహాల్ ముక్కులోకి కొట్టి ముప్పై ఏళ్ళ సున్నితమైన వాసనల్ని కప్పేస్తుంది.

పై తొడుగుని మెడ పొడవునా పూర్తిగా తీసేయండి, వంచేటప్పుడు మెడలోంచి చూడాలి కాబట్టి. బిరడా మీద నల్లటి బూజు ఉండవచ్చు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. మంచి మెడాక్ బిరడా పొడవు 5 సెంటీమీటర్లకి అటూ ఇటుగా ఉంటుంది, ముప్పై ఏళ్ళకి కింది సగం మెత్తబడి ఉంటుంది. చేతులు రెండూ పైకి లేచే రెక్కల ఓపెనర్ వాడొద్దు, దాని మందపాటి మర బిరడా మధ్యలో గుంట తవ్వేస్తుంది. రెండు రేకుల ఓపెనర్ దొరికితే అదే శ్రేష్ఠం. పొడవు రేకుని ముందు బిరడాకీ గాజుకీ మధ్య దింపి, తర్వాత పొట్టి రేకు పెట్టి, అటూ ఇటూ మెల్లగా ఊపుతూ కిందిదాకా పోనిచ్చి, తిప్పుతూ పైకి లాగాలి. ఊపేటప్పుడు బిరడా లోపలికి జారుతుంటే వెంటనే ఆపి మర ఓపెనర్‌కి మారండి. దాన్ని సరిగ్గా నడిమధ్యన, సన్నటి తీగ మరతో, బిరడా చివరి దాకా దింపి నిమిషం పట్టినా సరే నెమ్మదిగా లాగండి. సగంలో తెగితే కంగారు పడొద్దు. మిగిలిన ముక్కలోకి మరని ఏటవాలుగా దింపి గాజు గోడకి ఆనిస్తూ లాగితే చాలాసార్లు వస్తుంది. రాకపోతే లోపలికి నెట్టేసి వడపోసుకోవటమే. వడపోతకి వంటింటి టీ జల్లెడ ముట్టుకోకండి, ఎంత కడిగినా టీ వాసన వదలదు. కొత్త స్టీలు జల్లెడ గానీ, సబ్బు తగలకుండా వేణ్ణీళ్ళలో ఉడికించి ఆరబెట్టిన మల్లు గుడ్డ గానీ వాడండి.

ఇప్పుడు తేట తీయటం. వాసన లేని గాజు జగ్గు ఒకటి మంచినీళ్ళతో తొలిచి పెట్టుకోండి. ఫోన్ టార్చ్‌ని వెలుతురు పైకి వచ్చేలా బల్ల మీద పెట్టి, సీసా మెడ దానికి పైన ఉండేలా పట్టుకుని, జగ్గు గోడ మీదుగా సన్నటి ధారగా ఒకే వంపులో పోయండి. మధ్యలో సీసా నిలబెట్టారంటే మడ్డి అంతా లేచి కలిసిపోతుంది, రెండు రోజుల ఓపిక వృథా. మూడు వంతులు పోశాక భుజం దగ్గరికి పొగలాంటి సన్నటి చార వస్తుంది. అది మెడలోకి రాబోతుండగానే ఆపండి. సీసాలో 40 నుంచి 60 మిల్లీలీటర్లు మిగులుతుంది. ఎత్తైన భుజాలు చేసే మేలు ఇక్కడ తెలుస్తుంది, బరువైన మడ్డి అక్కడ ఆగుతుంది.

జగ్గులో పోశాక గంటల తరబడి గాలికి వదలొద్దు. పదేళ్ళ వయసు మెడాక్‌కి గంటా రెండు గంటల గాలి మేలు చేస్తుంది, ఎందుకంటే దానికి వగరు తగ్గాలి. ముప్పై ఏళ్ళదానికి తగ్గాల్సినదంతా తగ్గింది, ఇక గాలి తీసుకుపోయేది వాసనే. పోయగానే ఒక గుక్క రుచి చూడండి. వాసనా రుచీ తెరుచుకుని ఉంటే వెంటనే వడ్డించండి. వాసన బయటికి రాక ముడుచుకున్నట్టు ఉంటే ఇరవై నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి. గ్లాసులో మూడో వంతుకి మించి పోయొద్దు. తెల్ల కాగితం మీద గ్లాసు వంచితే అంచున ఇటుక రంగు, మధ్యలో ఇంకా ఎరుపు కనిపిస్తే ఆరోగ్యంగా ఉన్నట్టే.

మొదటి వాసనకే తీర్పు చెప్పకండి. అన్నాళ్ళు మూసి ఉన్నందువల్ల మొదట కాస్త ముక్కిన వాసన, అగ్గిపుల్ల వాసన రావటం సహజం, పది నిమిషాల్లో పోతుంది. పోకుండా ఇంకా పెరుగుతూ, తడిసిన అట్టపెట్టెలా, చెమ్మ పట్టిన గోనెసంచిలా ఉంటే అది బిరడా దోషం. టీసీఏ అనే పదార్థం బిరడా నుంచి దిగుతుంది. ఒంటికి హాని లేదు కానీ రుచిని చంపేస్తుంది, దానికి మందు లేదు. కోసి వదిలేసిన ఆపిల్ వాసన, గోధుమ రంగు కలిసి వస్తే గాలి తగిలి ముసలిదైపోయింది. గోళ్ళరంగు లేదా వెనిగర్ ఘాటు ఎక్కువైతే పులిసింది. పశువుల కొట్టం వాసన కొద్దిగా ఉండటం మాత్రం ఆ కాలపు బోర్డో వైన్లలో మామూలే. బ్రెట్ అనే ఈస్ట్ వల్ల వస్తుంది, కొంతమందికి అదే ఇష్టం. ఇవన్నీ ముందే అల్లుడుగారితో అనుకోండి, ఆ రోజు బల్ల మీద ఇంకో మామూలు సీసా సిద్ధంగా ఉంచుకోండి. ముప్పై ఏళ్ళ సీసా విషయంలో ఎవరూ హామీ ఇవ్వలేరు.

తిండి. పచ్చిమిర్చి, ఎండుమిర్చి కారం నోట్లో ఆల్కహాల్ మంటనీ వగరునీ రెచ్చగొడుతుంది, చింతపండు, గోంగూర పులుపు ముందు వైన్ చప్పబడుతుంది. బిర్యానీలో లవంగం, ఏలకి, పుదీనా, వేయించిన ఉల్లిపాయ అన్నీ గట్టి వాసనలు. యువ వైన్ అయితే వాటితో పోట్లాడి నిలబడుతుంది, వయసైనది తలవంచేస్తుంది. మెడాక్‌లో దీనితో తినేది పోయాక్ ప్రాంతపు పాలు తాగే గొర్రెపిల్ల మాంసం, లేదా ఎండిన ద్రాక్ష పుల్లల మంట మీద కాల్చిన గొడ్డు మాంసం. ఉప్పు, కాస్త నిప్పుల ఘాటు, అంతే. మన ఇంట్లో దానికి దగ్గరగా వచ్చేవి: ఉప్పు, వెల్లుల్లి, కొంచెం మిరియంతో నెమ్మదిగా ఓవెన్‌లో వేయించిన లేత గొర్రె తొడ, మిర్చి వేయకుండా నూరిన మిరియంతోనే వండిన హైదరాబాదీ మరగ్, వెన్నలో వేయించిన పుట్టగొడుగులు. మాంసం తినని ఇల్లైతే పుట్టగొడుగులే సరైన జోడీ, ఆ మట్టివాసన ఈ మట్టివాసనకి బాగా కలుస్తుంది. బిర్యానీ తర్వాత వడ్డించుకోవచ్చు, అప్పటికి వైన్ గ్లాసులు ఖాళీ అయి ఉండాలి.

సీసా 750 మిల్లీలీటర్లు, మడ్డి పోగా 700. ఆరుగురికి తలా 115 దాకా వస్తుంది. అంతకన్నా ఎక్కువమందికి పంచితే ఎవరికీ వైన్ గ్లాసులో ఎలా మారుతుందో తెలియదు. ఇలాంటిది అరగంటలో రెండు మూడు సార్లు మారుతుంది, దాన్ని గమనించటమే అసలు ఆనందం.

ఇంకో సీసా తెప్పించుకోవాలనుకుంటే నా అభిప్రాయం: పేరు మోసిన 2005, 2010 వైన్లు ఖరీదు, మెడాక్‌లో చాలావి ఇంకా వగరు తగ్గక బిగుసుకునే ఉన్నాయి. 2001, 2004, 2008 లాంటి మధ్యరకం సంవత్సరాలు ధరలో తక్కువ, తాగటానికి సిద్ధం. 2003 ఎండలు మండిన ఏడు, ఏ షాటో అన్నది చూసి మాత్రమే తీసుకోవాలి. 2007, 2013 దాచటానికి పనికిరావు. ఏ ఏడాదైనా, ఇన్నాళ్ళూ ఆ సీసా ఎక్కడ ఉందో అమ్మేవాళ్ళని అడగమనండి. నేరుగా షాటో నుంచో, చల్లటి సెల్లార్ నుంచో వచ్చిన మామూలు ఏడాది సీసా, నాలుగు చేతులు మారిన గొప్ప ఏడాది సీసా కన్నా నమ్మదగ్గది. విమానంలో వచ్చాక రెండు మూడు వారాలు పడుకోబెట్టి కదపకుండా ఉంచాలి, కుదుపులకి లేచిన మడ్డి సర్దుకోవటానికి.

తెరిచిన ఈ వైన్ రేపటికి ఉండదు. గాలి తీసే పంపులు, బిగింపు మూతలు దీనికి ఉపయోగపడవు, ఆ రాత్రికే పూర్తి చేయండి. సీసా అడుగున మిగిలిన మడ్డి వైన్‌ని గుడ్డలో వడకట్టి, గొర్రె తొడ వేయించిన పళ్ళెంలో అంటుకున్న రసంలో పోసి రెండు నిమిషాలు మరిగిస్తే మంచి గ్రేవీ అవుతుంది.